కూత తెగలేదు

"మా, తాత యాడికి పొయినాడు? సంగటి తినేదానికి పిలువు," అని నా కూతురు తేజస్విని వంటింటి గడప దగ్గర నిలబడి అడిగేసరికి, కుండలో కెలుకుతున్న కట్టె నా చేతిలోనే ఆగిపోయింది. తాత చనిపోయి మూడేళ్ళయింది.

మరుక్షణం తనే నవ్వేసింది. "నిద్రమత్తు మా." నిద్రమత్తు కాదు. నిన్న పుత్తూరులో ప్రాక్టీసు మ్యాచ్‌లో వెనక్కి పడి తల నేలకు తగిలిందట. నేను చూడలేదు. నేనెప్పుడూ చూడను. వడమాలపేటలో పాప ఆడే కబడ్డీ జట్టుకు మా ఆయన గుణశేఖర్ కోచ్. ఆడపిల్లలందరి వంటా, మట్టి జెర్సీల ఉతుకుడూ నావి. "ఇంట్లో ఊరికే ఉంటావు గదా" అంటాడు. పెళ్ళికి ముందు నేనూ జిల్లా జట్టులో ఆడాను. ఆ మాట ఆ ఇంట్లో ఎవరికీ గుర్తుండదు.

దెబ్బ తగిలిన పిల్లను పరీక్షించడానికి ఆయనకు ఒకటే పద్ధతి. ఒకే ఊపిరిలో కబడ్డీ కబడ్డీ అని కూత పెట్టిస్తాడు. తెగకపోతే తల బాగున్నట్టే. ఇది వాళ్ళ నాయన చెంగయ్య నేర్పింది. మా మామ ఐరాల చుట్టుపక్కల పేరున్న ఆటగాడు. చివరికి నా చేతి ముద్ద తింటూనే "ఈ పాప ఎవురు?" అని నన్ను అడిగేవాడు. తడిపిన పంచెలు మార్చింది నేను. "మందు తాగి బుర్ర చెడగొట్టుకున్నాడు" అనేది అత్త వరదమ్మ. మనవరాలు తలనొప్పి అంటే మాత్రం, "మీ పుట్టింటి తలకాయే. మెత్తన" అని నావైపు చూసేది. నేను నమ్మాను. మా అమ్మకూ తలనొప్పి ఉండేది కదా, నా రక్తంలోనే ఏదో లోపం ఉందేమోనని, కూతురి తలకు నూనె పెట్టినప్పుడల్లా లోలోపల క్షమాపణ చెప్పుకున్నాను.

రేపే జాతీయ జూనియర్ జట్టు ఎంపిక. పొయ్యి ఆర్పి, పాపను ఆటో ఎక్కించి తిరుపతి తీసుకెళ్ళాను.

డాక్టర్ ప్రసన్నకుమారి ఆటగాళ్ళ తలదెబ్బల మీద పరిశోధన చేస్తోంది. వేసవిలో జన్యు పరీక్షకని మా ముగ్గురి ఉమ్మి నమూనాలు తీసుకుంది ఆమే. పాపను స్కానింగ్‌కు పంపి, నన్ను కూర్చోబెట్టింది.

"మీ ఆయనకు అప్పుడే చెప్పాను కదమ్మా. పాపలో ఉన్నది తండ్రి నుంచి వచ్చిన జన్యువు. మీ నుంచి కాదు. అది ఉన్నవాళ్ళందరికీ ఇలా అవుతుందని కాదు, తలకు దెబ్బ తగిలితే కోలుకోవడం కష్టం కావచ్చు. అసలు జన్యువు ఉన్నా లేకున్నా, దెబ్బ తిన్న పిల్లను ఆ రోజే మళ్ళీ ఆడించకూడదు. నిన్న ఎన్నిసార్లు తగిలింది?"

మీ నుంచి కాదు అన్న మాట దగ్గరే ఆగిపోయాను. ఇన్నేళ్ళు ఎవరి తప్పుకు నేను నూనె రాశాను?

గుణశేఖర్ చెమటలు కక్కుతూ ఆసుపత్రి వరండాలోకి వచ్చాడు. "ఎవుర్నడిగి ఈడికి తెచ్చినావు? రేపు సెలక్షన్ పెట్టుకోని!"

లేచాను. ఒకప్పుడు కూతకొచ్చినవాళ్ళను పట్టేముందు నిలబడినట్టు, కాళ్ళు ఎడం చేసి ఆయన దారికి అడ్డంగా నిలబడ్డాను.

"పాప రేపు ఆడదు. సెలక్షన్ వాళ్ళకు ఫోన్ చేసి నేనే చెప్పేసినా. డాక్టరమ్మ నీకేం చెప్పిందో నాకు తెలుసు. నిన్న ఏం జరిగిందో నువ్వు చెప్పు."

ఆయన గోడ పక్కన నేలమీద కూర్చున్నాడు.

"నాయన బుర్ర చెడింది మందుతోనే కాదు చంద్రికా, ఆటలో తగిలిన దెబ్బలతోనూ. డాక్టరమ్మ చెప్పిన పొద్దే నాకు అర్థమైంది. అది నాయన నుంచి నాకు, నా నుంచి పాపకు. బయటపడితే పాపను ఆడనియ్యరని నోరు మూసుకున్నా. అమ్మ నిన్ను అంటా ఉంటే వింటా ఉన్నా. నిన్న పాప రెండుసార్లు పడింది. మొదటిసారి పడినప్పుడే, నీ పేరేంది పాపా అంటే చెప్పలేకపోయింది. కూత పెట్టించినా. తెగలేదు. మళ్ళీ లోపలికి పంపించినా."