అడవిబాతు మాటలు

అక్టోబరులో అడవిబాతుల గుంపులు సల్మి బే ఊరి మీదుగా దక్షిణానికి వెళ్ళిపోగానే ఇర్యా ఒక పని చేస్తుంది. లైబ్రరీ తలుపు తీసి, హీటరు వేసి, కాఫీ పెట్టుకుని, పిల్లల అరలోంచి ముళ్ళపంది పుస్తకం తీసి అట్ట మీద చీటీ అంటిస్తుంది. "బాతు లేదు. ఏప్రిల్లో వస్తుంది."

ఆ పుస్తకానికి అసలు పేరు ఏదో ఉంది గానీ ఊళ్ళో అందరూ ముళ్ళపంది పుస్తకమనే అంటారు. సరస్సు ఒడ్డున ఒక చెట్టు మీద ముళ్ళపంది ఉంటుంది, అక్కడి ముళ్ళపందులు చెట్లెక్కుతాయి. నీళ్ళలో అడవిబాతు ఉంటుంది. ఇద్దరికీ స్నేహం కుదురుతుంది. వేసవిలో తీసుకెళ్ళిన పిల్లలకి ఇద్దరూ కనిపిస్తారు. చలికాలంలో తీసుకెళ్తే ముళ్ళపంది ఒక్కటే. బాతు ఈదిన చోట ఉత్త నీళ్ళు, బాతు మాట్లాడిన చోట తెల్ల కాగితం. తెలియనివాళ్ళు తీసుకెళ్ళి అచ్చు సరిగా పడలేదని గొడవ చేస్తారని ఆ చీటీ. కాగితం మిల్లు మూతపడ్డాక ఊళ్ళోకి తెలియనివాళ్ళు రావడమే మానేశారు. అయినా ఇర్యా అంటిస్తూనే ఉంది.

ఆ ఏడాది చీటీ ఇంకా ఆరకముందే రేనో వచ్చాడు. దుంగల ట్రక్కు నడుపుతాడు. మనిషి తలుపుకి అడ్డంగా సరిపోయేంత ఉంటాడు. చేతిలో కూతురి పుస్తకాల సంచి.

"ఐలి ఏది?" అంది ఇర్యా.

"సడ్బరీ పంపాను, మా అక్క దగ్గరికి." సంచి బల్ల మీద పెట్టాడు. "ఇవి మీకిచ్చెయ్యమంది."

ఇర్యా పుస్తకాలు ఒక్కొక్కటే బయటికి తీసింది. గుడ్డి గుర్రానికి దారి చూపిస్తూ తీసుకెళ్ళిన పిల్లి కథ. పడవతో స్నేహం చేసిన తిమింగలం. నక్షత్రాల పుస్తకం. రొట్టెలు చెయ్యడం నేర్పే పుస్తకం. ఆ చివరిది చూసి ఆగింది.

"సెల్మా కోసం తీసుకెళ్ళేది. అలవాటుగా ఇంకా తీసుకెళ్తూనే ఉందా?"

రేనో కిటికీలోంచి బయటికి చూశాడు. భార్య సెల్మా ఫిబ్రవరిలో పోయింది. నేల గడ్డకట్టి గొయ్యి తవ్వడం కుదరక మే దాకా ఆగాల్సి వచ్చింది. ఆ మూడు నెలలూ తండ్రీకూతుళ్ళు ఇంట్లో ఒకరికొకరు అడ్డం రాకుండా తిరిగారు. సల్మి బేలో మిల్లు లేదు కాబట్టి రేనో ఇప్పుడు దూరంగా ఉన్న కోతమిల్లుకి దుంగలు తోలుతున్నాడు. తెల్లారకముందే వెళ్తాడు, చీకటి పడ్డాక వస్తాడు. ఎనిమిదేళ్ళ పిల్ల తనే సూపు వెచ్చపెట్టుకుని తిని, బూట్లతోనే సోఫాలో నిద్రపోయేది. వేసవిలో చుట్టపుచూపుగా వచ్చిన అక్క హెల్వి అది చూసింది. పిల్లల్లేని మనిషి. "దాన్ని నాకివ్వరా" అంది. రేనో అప్పుడు కాదన్నాడు. అక్టోబరు వచ్చేసరికి సరేనన్నాడు.

"చలికాలం వరకే" అన్నాడిప్పుడు, ఇర్యా అడక్కపోయినా.

ఆదివారం ఫోన్ చేశాడు.

"తిన్నావా?"

"ఆఁ."

"బడి బాగుందా?"

"ఆఁ."

రేనోకి కూతురితో మాట్లాడటం ఎప్పుడూ చేతకాలేదు. ఆ పనంతా సెల్మాదే. పెట్టేద్దామనుకుంటుండగా ఐలి అడిగింది.

"నాన్నా, ముళ్ళపంది ఎలా ఉంది?"

"బాగానే ఉంది" అన్నాడు. ఆ మాట అబద్ధమని ఇద్దరికీ తెలిసింది.

శనివారం మళ్ళీ లైబ్రరీకి వెళ్ళాడు. ఆ పుస్తకం కావాలన్నాడు.

"ఇరవయ్యేళ్ళు కాగితం మిల్లుకి దుంగలు తోలావు, ఒక్క పుస్తకం ముట్టుకున్న పాపాన పోలేదు" అంది ఇర్యా. "ఇప్పుడు చదువుతావా?"

"పిల్ల అడుగుతోంది."

నిలబడే పుస్తకం తెరిచాడు. మంచు పట్టిన కొమ్మ మీద ముళ్ళపంది ముడుచుకుని కూర్చుని ఉంది. ముఖం నీళ్ళవైపు.

"అడవిలో వీటి జాతే నా ట్రక్కు బ్రేకు గొట్టాలు కొరికేది" అన్నాడు రేనో. "ఏప్రిల్ దాకా ఇది ఇలాగే కూర్చుంటుందా?"

"మరేం చేస్తుంది? ముళ్ళపందులు వలస పోవుగా."

ఆ ఆదివారం ఫోన్లో చదివాడు. వేలు పెట్టి, తడుముకుంటూ. "నీళ్ళు చల్లగా ఉన్నాయా, అని ముళ్ళపంది అడిగింది." కింద తెల్ల కాగితం. ఆగిపోయాడు.

"చల్లగా ఉన్నాయి గానీ అలవాటైపోయింది, అంది బాతు" అని అటునుంచి ఐలి అందుకుంది.

రేనో తర్వాతి వాక్యం చదివాడు. "కింద ఉండేవాళ్ళకి ఆకాశం పెద్దగా కనిపిస్తుందా, అని అడిగింది."

"పైనుంచి చూస్తేనే చిన్నది, అంది బాతు. నాన్నా, అక్కడ బాతు గొంతు మార్చాలి. అమ్మ మార్చేది."

"నువ్వు మార్చు."

ఐలి ముక్కుతో మాట్లాడింది. రేనో నవ్వాడు. ఇంట్లో నవ్వు వినిపించి ఏడాది కావస్తోంది. తన నవ్వు తనకే కొత్తగా ఉంది.

అలా ప్రతి ఆదివారం సాగింది. ముళ్ళపంది మాటలు తండ్రివి, బాతు మాటలు కూతురివి. పుస్తకం చిన్నది, త్వరగా అయిపోతుంది. అందుకని ఇర్యా వేరేవి కూడా ఇచ్చేది. గుడ్డి గుర్రం, పడవ తిమింగలం, నీళ్ళలో గూడు కట్టే బీవరు ఇంట్లో అద్దెకున్న చుంచెలుక. రేనో వారమంతా ట్రక్కులో వాటిని పైకి చదువుకుంటూ సాధన చేసేవాడు. కోతమిల్లు దగ్గర దుంగలు దించేవాళ్ళు కిటికీలోంచి చూసి "ఏంట్రా, ప్రార్థనలా?" అని ఏడిపించేవారు. "తిమింగలాలు" అనేవాడు రేనో. అన్నీ అయ్యాక చివర్లో మళ్ళీ ముళ్ళపంది పుస్తకమే. అది లేకపోతే ఐలి ఫోన్ పెట్టేది కాదు.

జనవరిలో ఊరి పక్క సరస్సు పూర్తిగా గడ్డకట్టింది. పుస్తకంలోనూ కట్టింది. ఐలి మాటలు మారాయి. బడిలో కెరోల్ అనే పిల్ల దొరికిందట. అత్త స్కేట్లు కొనిపెట్టిందట. ఒక ఆదివారం వాళ్ళు స్కేటింగ్‌కి వెళ్ళారు, ఫోన్ ఎవరూ ఎత్తలేదు. తర్వాతి ఆదివారం ఎత్తింది గానీ వెనకాల ఇంకో పిల్ల నవ్వులు వినిపిస్తున్నాయి.

"నీళ్ళు చల్లగా ఉన్నాయా, అని ముళ్ళపంది అడిగింది" అని చదివాడు రేనో.

ఐలి గబగబా చెప్పింది. రెండోదీ చెప్పింది. మూడోదాని దగ్గర ఆగిపోయింది.

"నువ్వు వెళ్తే నేనెవరితో మాట్లాడను, అని ముళ్ళపంది అడిగింది" అని మళ్ళీ చదివాడు, వినిపించలేదేమోనని.

"మర్చిపోయాను నాన్నా."

"పర్లేదు. ఆలోచించు."

"నిజంగానే మర్చిపోయాను. కెరోల్ వచ్చింది, వెళ్ళనా?"

ఫోన్ పెట్టేశాక రేనో ఆ పేజీనే చూస్తూ కూర్చున్నాడు. తనకీ గుర్తులేదు. సెల్మా ఆ మాట కొన్ని వందలసార్లు చదివి ఉంటుంది, పక్కగదిలో తను ఉండగానే. ఒక్కసారి కూడా చెవిన పడలేదు. శనివారం ఇర్యాని అడిగాడు. ఆవిడ కళ్ళు మూసుకుని ఆలోచించింది, గుర్తు రాలేదు.

"ఏప్రిల్లో బాతు వస్తుంది కదా, చూద్దువుగాని" అంది.

మార్చిలో హెల్వి ఫోన్ చేసింది. "ఒరే, పిల్ల ఇక్కడ కుదురుకుంది. రాత్రుళ్ళు ఏడవడం మానేసింది. ఇక ఇక్కడే ఉండనీ."

"రాత్రుళ్ళు ఏడ్చేదా?"

"నీకు చెప్పొద్దంది. బడివాళ్ళు అడుగుతున్నారు, వచ్చే ఏడుకి పేరు రాయించాలి. అక్కడికి తెచ్చుకుని ఏం చేస్తావు? మళ్ళీ సోఫాలో బూట్లతోనా?"

"బాతు రానీ అక్కా" అన్నాడు రేనో. హెల్వి కూడా ఆ ఊళ్ళో పుట్టిందే. ఎందుకని అడగలేదు.

ఏప్రిల్లో గుంపులు వచ్చాయి. ఒకరోజంతా ఆకాశం అరుస్తూనే ఉంది. పుస్తకంలో మంచు కరిగింది, నీళ్ళు కదిలాయి. బాతు మాత్రం రాలేదు. ఒక్కో ఏడు ఆలస్యంగా వచ్చేదని ఇర్యా అంది. పిల్లలు బడినుంచి వస్తూ లైబ్రరీలో ఆగి చూసి వెళ్ళేవారు. తైస్తో అనే వేటగాడు కూడా వచ్చి, టోపీ తీసి, పేజీలు తిప్పి చూశాడు. "దారిలో ఏం జరుగుతుందో ఎవరు చెప్పగలరు" అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. నెల దాటింది. గుంపులు గూళ్ళు కట్టుకుని పిల్లల్ని కూడా చేశాయి. తెల్ల కాగితాలు తెల్లగానే ఉన్నాయి. ఇర్యా చీటీ చింపలేదు.

రేనో అక్కకి ఫోన్ చేసి, పేరు రాయించెయ్యమన్నాడు. చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు. తర్వాత వెళ్ళి సెల్మా సమాధి రాయి చుట్టూ కిందటేటి గడ్డి పీకాడు. ఇంకేం చెయ్యాలో తోచలేదు.

ఆ శనివారం లైబ్రరీకి వెళ్తే ఇర్యా పుస్తకం అతని ముందుకి తోసింది. కొమ్మ మీద ఏమీ లేదు. చెట్టు కింద బురదలో ముళ్ళపంది నిలబడి ఉంది.

"దిగింది" అన్నాడు రేనో.

"నిన్న పొద్దున."

పై వారానికి రెండు పేజీలు నడిచింది. ఆ పై వారానికి ఇంకో మూడు. ముళ్ళపంది నడక ఎలా ఉంటుందో రేనోకి తెలుసు. హారను కొట్టినా రోడ్డు మీంచి తప్పుకోవు. పొట్ట నేలకి రాసుకుంటూ, పక్కకి ఊగుతూ, ఎవరో తరిమినా అదే నడక. ఈ జంతువు కోసం ఇన్నేళ్ళలో తను ఒక్కసారి కూడా ట్రక్కు ఆపలేదు. ఇప్పుడు శనివారం ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాడు.

జూన్ మధ్యలో ఒక శనివారం ఆఖరి పేజీ తెరిస్తే సరస్సు, ఒడ్డు, ఒడ్డు వెంబడి చిన్న చిన్న కాలిగుర్తులు. అవి పేజీ కింది అంచు దాకా వెళ్ళి ఆగిపోయాయి.

"కింద అంటే దక్షిణమేగా?" అన్నాడు రేనో.

"పటాల్లో అంతే."

"ముళ్ళపందులు వలస పోవన్నారు మీరు."

"పోవు" అంది ఇర్యా. కాఫీ పోసి అతనికో కప్పు ఇచ్చింది. ఇద్దరూ తాగారు. ఆవిడ అట్ట మీది చీటీ గోటితో గీకి తీసేసింది. దాని చోట ఇంకేమీ అంటించలేదు.

నెల తిరక్కుండానే రేనో ట్రక్కు అమ్మేశాడు. ఇల్లు కొనేవాళ్ళు ఆ ఊళ్ళో ఎవరూ లేరు. చలికి పగలకుండా గొట్టాల్లో నీళ్ళు తీసేసి, కిటికీలకి చెక్కలు కొట్టి, తాళం ఇర్యాకి ఇచ్చాడు. సెల్మాని అక్కడే వదిలి వెళ్ళాలి. వేరే మార్గం లేదు. రాయి దగ్గర కాసేపు నిలబడ్డాడు. ముళ్ళపంది అడిగిన మూడో ప్రశ్న పైకి అన్నాడు. గాలి తప్ప ఏమీ వినపడలేదు. పొద్దున్నే బయల్దేరి రోజంతా కారు నడిపాడు.

సడ్బరీలో హెల్వి ఇంటి తలుపు ఐలి తీసింది. పొడుగైంది. జుట్టు పొట్టిగా కత్తిరించారు. తండ్రిని చూసి నవ్వలేదు. తలుపు సగమే తెరిచి పట్టుకుంది.

"నన్ను తీసుకెళ్ళిపోతావా?"

ఆ గొంతులో భయం రేనోకి తెలిసింది.

"లేదు. నేనే వచ్చాను. నికెల్ గని దగ్గర బండి నడిపే పని చూసుకుంటాను. ఈ వీధిలోనే ఎక్కడో గది దొరుకుతుంది."

ఐలి అతని వెనక కారు వైపు చూసింది. వెనక సీటు నిండా పెట్టెలు.

"మరి ముళ్ళపంది?"

"వెళ్ళిపోయింది. బాతు రాలేదమ్మా. చాన్నాళ్ళు చూసింది, తర్వాత దిగి దక్షిణానికి నడుచుకుంటూ వెళ్ళిపోయింది."

"దానికి బాతు ఎక్కడుందో తెలుసా?"

"తెలీదనుకుంటా."

"దొరక్కపోతే?"

"ఏమో" అన్నాడు రేనో.

లోపలినుంచి హెల్వి ఎవరొచ్చారని అడిగింది. ఐలి కిందికి చూసింది. తండ్రి బూట్లకి దారిలో ఆగిన చోటల్లా అంటిన మట్టి ఉంది.

"అవి బయటే విప్పు" అంది, తలుపు పూర్తిగా తెరిచి పక్కకి జరుగుతూ. "అత్త తిడుతుంది."