వెనక నుంచి పిలిస్తే

కోడలు సంచిలో గౌన్లు పెడుతుంటే నేను తీసేస్తున్నాను.

"అత్తయ్యా, ముందు ఆ చెయ్యి తియ్యండి."

"ఆరు వారాలకి పన్నెండు గౌన్లెందుకు? ఆరు చాలు. మిగతావి ఇక్కడే ఉంటే..."

"ఉంటే నేను చచ్చినట్టు తిరిగొస్తాననా?"

సరిగ్గా అదే నా ఆలోచన. దొరికిపోయాక కూడా ఒప్పుకోలేదు. "మాసిపోతాయని" అన్నాను. ఎవరైనా సంచి సర్దుతుంటే నేను చూడలేను. మా అక్క అలాగే వెళ్లి మళ్లీ రాలేదు. మా ఆయనా అంతే.

మాది దర్జీ ఇల్లు. కింద దుకాణం, పైన చెక్కల నేల ఉన్న ఒకే పెద్ద గది. మా అబ్బాయి బట్ట కత్తిరించేదీ, మేము తిని పడుకునేదీ అక్కడే. మనవరాలికి పద్నాలుగు నెలలు. గుండ్రటి మొహం కాబట్టి అందరికీ అది బొత్తాం.

బొత్తాం కడుపులో ఉండగా నాలుగో నెలలో కోడలికి జ్వరం వచ్చి రెండు రోజుల్లో తగ్గిపోయింది. రక్తం పరీక్ష చేసి, ఏదో వైరస్ అన్నారు, అది బిడ్డకూ సోకిందన్నారు. "పుట్టినప్పుడు బాగానే ఉండొచ్చు. తర్వాత వినికిడి తగ్గొచ్చు, నడక ఆలస్యం కావచ్చు. కనిపెట్టుకుని ఉండండి" అంది డాక్టరమ్మ. పుట్టగానే చేసిన చెవుల పరీక్షలో లోపమేమీ కనబడలేదు. ఆ తర్వాత నెలనెలా ఇంట్లో నింపమని ఒక ప్రశ్నల కాగితం ఇచ్చేవాళ్లు.

కోడలు పసిపిల్లల కేంద్రంలో ఆయా. పొద్దున వెళితే సాయంత్రానికి గాని రాదు. కాబట్టి ఆ కాగితం నేనే నింపేదాన్ని. నేను బడికి వెళ్లలేదు. కొలతలకు కత్తిరించిన పాత పేపర్ల మీద అక్షరాలు నేర్చుకున్నాను. చంక దగ్గరో మెడ దగ్గరో తెగిపోయిన వార్తలో మిగతా సగం ఊహించుకుని చదివేదాన్ని.

పన్నెండో ప్రశ్న: వెనక నుంచి పిలిస్తే తిరుగుతుందా?

నా గొంతు పీల. అందుకని పిలవడానికి బదులు దాని వెనక పెద్ద కత్తెర నేల మీద పడేసేదాన్ని. బొత్తాం గిరుక్కున తిరిగి నవ్వేది. 'తిరుగుతుంది' అని రాశాను. ఆరో నెలలో చెవులకు మళ్లీ పరీక్ష ఉంది, తీసుకురమ్మని నర్సు ఫోన్ చేస్తే, "దీనివి పాము చెవులమ్మా, అక్కర్లేదు" అన్నాను. కోడలు నా మాట నమ్మింది.

పోయిన వారం ఆ పరీక్ష జరిగింది. రెండు చెవులూ దాదాపు వినబడవు. "ఎనిమిది నెలలు ఏం చేశారు? మాటలు పట్టే నెలలవి" అని నర్సు కోడల్ని అందరి ముందూ కడిగేసింది. చెవి మిషన్లు పెట్టి మాటలు నేర్పే బడి కోడలి అక్కవాళ్ల ఊళ్లో ఉంది. అందుకే ఈ ప్రయాణం.

"నేనేం అబద్ధం రాయలేదు. నువ్వే చూడు" అని కత్తెర తీసి పడేశాను. నేల మీద దారపుండతో ఆడుకుంటున్న బొత్తాం తిరిగి నవ్వింది. "చూశావా! వాళ్లకేం తెలుసు?"

కోడలు పిల్లని ఎత్తి మంచం మీద, రెండు పరుపుల పైన, అటు తిప్పి కూర్చోబెట్టింది.

"ఇప్పుడు వెయ్యండి."

వేశాను. బొత్తాం దారం లాక్కుంటూనే ఉంది. మళ్లీ వేశాను. మూడోసారి నా బలమంతా పెట్టి విసిరితే నేల చెక్క పెచ్చులేచింది. పిల్ల తిరగలేదు.

"చెక్క అదిరితే తిరిగేది అత్తయ్యా. పరుపు మీద ఆ అదురు తెలియదు. ఒక్కసారి నోటితో పిలిచి ఉంటే తెలిసేది."

"అమ్మా, ఇక వదిలెయ్యి" అన్నాడు మా అబ్బాయి, బట్ట మీంచి తలెత్తకుండా.

వదిలేస్తే పోయేది. నా నోరు ఊరుకోలేదు.

"తప్పంతా నాదేనా? జ్వరం తెచ్చుకుంది ఎవరు? ఊళ్లో పిల్లలందరి చొంగ తుడిచి, కడుపులో బిడ్డకి అంటించింది ఎవరు?"

అది ఎవరికైనా సోకుతుందనీ, తల్లి తప్పు కాదనీ ఆ ప్రశ్నల కాగితం వెనకే ఉంది. చదివాను కూడా.

కోడలు నా వైపు చూసింది. నేను తీసేసిన ఆరు గౌన్లూ సంచిలో పెట్టింది. అల్మారా తెరిచి, పిల్లకి నాలుగేళ్లప్పటికి పనికొస్తుందని నేను వదులుగా కుట్టిన కోటు తీసి, దాన్నీ మడిచి పెట్టింది.

"ఆరు వారాలేగా, అమ్మాయ్?"

"ఆ. లెక్కపెట్టుకుంటూ కూర్చోండి."

మెట్ల మీద బొత్తాం తల్లి భుజం మీంచి నన్నే చూస్తోంది. చెయ్యి ఊపాను. అదీ ఊపింది. కోడలు దాని చెయ్యి పట్టుకుని కిందకి దించింది.

కోడలూ, బొత్తాం తిరిగి రాలేదు. వానలు మొదలైన వారంలో, మంగళవారం పొద్దున తొమ్మిదింటికి వెళ్లారు. వాళ్లు వెళ్లి ఇప్పటికి పదకొండేళ్లయింది. మా అబ్బాయి ఆ చలికాలం వాళ్ల దగ్గరికి వెళ్లాడు. వాడూ రాలేదు.