ముడి లేని కుట్టు

పొడుగమ్మ, బుడ్డమ్మ అన్నవి కాలేజీ హాస్టల్లో అంటుకున్న పేర్లు. ఆ తర్వాత ఇద్దరికీ పెళ్లిళ్లయ్యాయి, పిల్లలు పుట్టారు, మోకాళ్లు అరిగాయి. ఈ మధ్య కేన్సరు మందుల దెబ్బకి బుడ్డమ్మ జుట్టంతా ఊడిపోయింది. పేరు మాత్రం ఊడలేదు.

బొంత కుడదామన్న ఆలోచన బుడ్డమ్మదే. ఆవిడ మందు ఎక్కించుకునే ఆస్పత్రిలో, రోగులకి తోడొచ్చినవాళ్లు వరండాలో నేలమీదే పడుకుంటారు. వాళ్లకో గది కట్టించాలని వార్డు పెద్ద సిస్టరు చేతిపనుల అమ్మకం తలపెట్టింది.

"నాకు తోడొచ్చిన ప్రతిసారీ నువ్వా బల్లమీద కొంగలా ముడుచుకుని కూర్చోవడం చూడలేక చస్తున్నానే. నీ కాళ్లు పట్టే గది కట్టించాలి," అంది బుడ్డమ్మ.

పొడుగమ్మ ఇంట్లో భోజనాల బల్ల మీద బొంత పరిచారు. పైన పాత చొక్కాలు, గలీబులు, కర్టెన్లు కోసి అతికిన ముక్కలు. మధ్యలో అరిగిన దుప్పటి. అడుగున గంజి వదలని కొత్త ముతక గుడ్డ. ముక్కలు అతికే పని పొడుగమ్మ మిషను మీద కానిచ్చేసింది.

"ఆ నీలం గళ్లది నా చొక్కా కదూ?" అని అడిగారు పొడుగమ్మ వాళ్లాయన, బల్ల పక్కగా వెళ్తూ.

"మీదే. మీ ఒంటిమీద కంటే ఇక్కడే బాగుంది," అంది బుడ్డమ్మ.

ఇక మూడు పొరల్నీ కలిపి చేత్తో వరసలు కుట్టాలి. బల్లకి అటొకరు, ఇటొకరు కూర్చుని, ఎవరి అంచు నుంచి వాళ్లు మధ్యకి రావాలని ఒప్పందం.

బుడ్డమ్మకో పట్టింపు ఉంది. దారం కొసకి ముడి వెయ్యదు. ఒకేచోట రెండుసార్లు సూది దించి, కొసని పొరల మధ్యకి తోసేస్తుంది. పొడుగమ్మకి చిన్నప్పటినుంచీ ముడి వెయ్యందే కుట్టు మొదలుపెట్టిన అలవాటు లేదు.

"ముడి చూడ్డానికి ఆవగింజంత ఉంటుంది," అంది బుడ్డమ్మ. "ఒంట్లో ఓపిక లేనప్పుడు దాని మీద పడుకుని చూడు, గులకరాయే. నేను పడుకున్నాను కనక చెప్తున్నా."

"సరేలే తల్లీ, వెయ్యను," అంది పొడుగమ్మ.

మొదటి రోజు సాయంత్రం బుడ్డమ్మ ఇంటికి వెళ్లాక పొడుగమ్మ అటువైపు కుర్చీలోకి మారి చూసింది. మందులు బుడ్డమ్మ వేళ్ల కొసల్ని మొద్దుబార్చేశాయి. సూది చేతిలో ఉందో జారిందో కళ్లతో చూసుకుంటే తప్ప ఆవిడకి తెలియదు. ఆ వరస కాస్త దూరం చీమ నడిచినట్టు, కాస్త దూరం కప్ప గెంతినట్టు ఉంది. అమ్మకం బల్ల మీద ఎవరో దాన్ని వేలితో చూపించి మూతి ముడవడం పొడుగమ్మ కళ్లకి కట్టింది. కత్తెర మొన పెట్టి వరసంతా విప్పేసింది. మళ్లీ తిన్నగా కుట్టింది. పాత చిల్లులు కనపడకుండా నీళ్లు చిలకరించి ఇస్త్రీ చేసింది.

"ఏం చేస్తున్నావు?" అన్నారాయన, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

"సాయం," అంది.

మర్నాడు బుడ్డమ్మ వచ్చి, కళ్లజోడు ముక్కు మీదికి లాక్కుని, వరస మీదికి వంగింది.

"ఇది నేను కుట్టిందేనా?"

"కాకపోతే మా ఆయన కుట్టారా?"

"నిన్న వంకరగా కనపడిందే! కళ్లు అలిసిపోయి ఉంటాయి." బుడ్డమ్మ తన వేళ్లని ముందుకీ వెనక్కీ తిప్పి చూసుకుంది, ఎన్నాళ్లకో ఇంటికొచ్చిన పిల్లల్ని చూసినట్టు.

ఆ మొహం చూశాక పొడుగమ్మకి నిజం చెప్పే దారి మూసుకుపోయింది. అలా రోజూ పగలు బుడ్డమ్మ కుట్టడం, సాయంత్రం పొడుగమ్మ విప్పడం. బుడ్డమ్మ జాకెట్టు గుండీలు తనే పెట్టుకోవడం మొదలెట్టింది. ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నా, అది గుడ్డ తప్పేగానీ వేళ్లది కాదంది. ఒకరోజు సగం వరసలో, "ఎంత బాగుందో చూడవే," అని బుడ్డమ్మ అంటే పొడుగమ్మ, "మిషను సిగ్గుపడాలి," అంది. ఆ మాట అని, టీ గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ వారంలోనే ఒక పొద్దున బుడ్డమ్మ ఆస్పత్రి నుంచి తిన్నగా వచ్చింది. చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టింది.

"డాక్టరు వేళ్లెలా ఉన్నాయని అడిగాడే. ఇంకా మొద్దుగానే ఉంటే మందు తగ్గించాలిట. లేకపోతే అది కాళ్లకీ పాకి, అలాగే ఉండిపోవచ్చుట. నేనేం చేశానో తెలుసా? మొన్న ఫోన్లో తీసుకున్న నా వరసల ఫొటో చూపించా! ఆయన నోరు తెరిచాడు. 'ఇంకేం, రేపు పూర్తి మందే ఎక్కిద్దాం' అన్నాడు."

పొడుగమ్మ చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టింది. తర్వాత బొంత అంచు పట్టుకుని తిరగేసింది.

"బుడ్డీ, ఒకసారి దీనికి చెంప ఆనించు."

"ఎందుకే?"

"ఆనించు."

బుడ్డమ్మ నవ్వుతూనే వంగింది. ఆవిడ చెంప ముతక గుడ్డ మీద మెల్లగా కదిలి ఒకచోట ఆగింది. మళ్లీ కదిలింది, మళ్లీ ఆగింది. తల ఎత్తేసరికి నవ్వు లేదు.

"ముడులు," అంది.

"ఊఁ. కంగారులో చెయ్యి అలవాటు మానలేదు."

"నా వైపు."

"ఊఁ."

"అన్ని వరసలూనా?"

"అన్నీ. నిన్నటిది విప్పాను గానీ, కరెంటు పోయి మళ్లీ కుట్టలేదు."

బుడ్డమ్మ ముందు ఫోన్ తీసింది. బొటనవేలు పడాల్సిన చోట పడక రెండుసార్లు తప్పు నొక్కింది. పొడుగమ్మ చెయ్యి చాపితే పక్కకి తిరిగింది.

"డాక్టరుగారూ, నేనండీ. నా వేళ్లు బాగాలేవు. లేదండీ, ఇందాక అబద్ధం చెప్పలేదు, నాకూ ఇప్పుడే తెలిసింది. ఆ కుట్లు నావి కావు. మా ఫ్రెండువి. ఏం చెప్పమంటారు, దానికి ప్రేమ ఉంది, బుద్ధి లేదు. అలాగేనండీ, రేపు మందు ఎక్కించకముందే మీకు కనపడతాను."

ఫోన్ పెట్టేసి కుర్చీలో కూలబడింది.

"సూది గుచ్చుకుంటే నాకు తెలియదే. గుడ్డకి రక్తం అంటితే తెలుస్తుంది. పొద్దున్నే ఆ వరస చూసుకుని, పర్లేదు, ఇంకా మనిషినే అనుకునేదాన్ని."

"ఎవరైనా నవ్వుతారేమోనని..."

"వాళ్లు నవ్వకముందే నువ్వు విప్పేశావు."

క్షమించమనడం పొడుగమ్మకి ఆ గదిలో మరీ పరాయివాళ్ల మాటలా అనిపించి మింగేసింది.

"నా కుట్లు ఎక్కడున్నాయి?" అంది బుడ్డమ్మ.

"దారాలు చెత్తబుట్టలో పోయాయి. చిల్లులు ఇస్త్రీకి పూడిపోయాయి." పొడుగమ్మ చివరి వరస దగ్గర చెయ్యి పెట్టింది. "నిన్నటివి మాత్రం ఉన్నాయి. ఇస్త్రీ చెయ్యలేదు."

బొంతని కిటికీ వైపు లాగారు. కొత్త గుడ్డలో గంజి ఇంకా బిగుసుకునే ఉంది. వెలుతురు ఏటవాలుగా పడేసరికి చిల్లులు కనపడ్డాయి. చీమ నడక, కప్ప గెంతు, అన్నీ ఉన్నచోటే ఉన్నాయి.

"మళ్లీ కుట్టే ఓపిక నాకు లేదు," అంది బుడ్డమ్మ. "నువ్వు కుట్టు. నీ దారిన కాదు, నా చిల్లుల్లోంచే. తక్కినవాటికి ముడులన్నీ తీసెయ్. అవి నీ కుట్లని పెద్ద సిస్టరుతో నువ్వే చెప్పు."

"చెప్తాను."

పొడుగమ్మ దారం ఎక్కించింది. తిన్నగా కుట్టడానికి అలవాటుపడ్డ చెయ్యి ప్రతి కుట్టుకీ ముందుకి పరిగెత్తబోతోంది. చిల్లు మాత్రం పక్కనెక్కడో ఉంటోంది. సూది మొనతో వెతుక్కుంటూ, దొరికాక దించుతూ, ఒక జానెడు కుట్టేసరికి ఆవిడ మెడ పట్టేసింది. ఇంత దూరం బుడ్డమ్మ స్పర్శ తెలియని వేళ్లతో ఎలా వచ్చిందో.

"ఇక్కడ ఒకేచోట ఇన్ని చిల్లులేమిటే?"

"సూది జారిపోతుంటే మళ్లీ మళ్లీ పొడిచాను. నువ్వు అప్పుడు మీ కోడలి మీద చాడీలు చెప్తున్నావు."

"అన్నిట్లోంచీ పోనివ్వనా?"

"అన్నిట్లోంచీ."

వరస చివరికొచ్చింది. పొడుగమ్మ దారం కొసని వేలికి చుట్టుకుని ముడి వెయ్యబోయింది. బుడ్డమ్మ ఆ చేతి మీద ఒక్కటి వేసింది. తనకి ఆ దెబ్బ తగిలినట్టు కూడా తెలిసి ఉండదు. పొడుగమ్మకి మాత్రం చురుక్కుమంది.

ఆవిడ ముడి వదిలేసి, ఒకేచోట రెండుసార్లు సూది దించి, కొసని పొరల మధ్యకి తోసింది. బొంతని బుడ్డమ్మ ముందుకి జరిపింది.

బుడ్డమ్మ వంగి, చెంప ఆనించి, వరస పొడుగునా మెల్లగా జరిగింది. ఎక్కడా ఆగలేదు.