కత్తిరించే మనిషి

కొత్త కాలనీలో ఇళ్ళన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. సర్వే అమ్మాయి తలుపు తట్టేసరికి పెద్దామె నేల మీద గుడ్డ పరిచి సుద్దతో గీతలు గీస్తోంది. గోడవారన కత్తిరించిన చొక్కా ముక్కలు మోకాలెత్తున పేరుకున్నాయి. కుట్టుమిషను మీద దుప్పటి కప్పి ఉంది.

"వరదప్పుడు సర్కారు సాయం ఎలా అందిందో కనుక్కుందామని వచ్చానమ్మా."

"అందింది తల్లీ. నీళ్ళు దిగకముందే దుప్పట్లు వచ్చాయి. తర్వాత సరుకులు, ఇల్లు, మిషను. వంక పెట్టడానికేం లేదు."

"మిషను వాడుతున్నారా?"

"రోజూ తుడుస్తున్నాను."

అమ్మాయి నవ్వింది. పెద్దామె నవ్వలేదు.

"నాకు కుట్టడం రాదమ్మా. నేను కత్తిరిస్తాను. కుట్టేది మా చిన్నది, నా తోటికోడలు."

పాత వీధిలో ఈమెను అందరూ కత్తెరమ్మ అనేవారు. బడిపిల్లల యూనిఫారాలు ఈమె కత్తిరించడం, పక్కనే కూర్చుని చిన్నది కుట్టడం. భర్తలు బతికున్న రోజుల్లో, సరుకులు రెండు వాటాలు వస్తాయని రేషన్ కార్డులు రెండు చేయించుకున్నారు. పొయ్యి మాత్రం ఒక్కటే. భర్తలు పోయాక ఆ కార్డుల సంగతి ఇద్దరూ పట్టించుకోలేదు. వరదలో ఇల్లు కొట్టుకుపోయాక కార్డుకో ఇల్లు, కార్డుకో మిషను అన్నారు. చీటీలు తీస్తే ఈమెకు ఊరికి ఈ చివర వచ్చింది, చిన్నదానికి ఏటి అవతల.

"వెళ్ళి నాలుగురోజులు ఉండి రావచ్చుగా?"

"తాళం వేసిన ఇళ్ళు రద్దు చేస్తారటగా? ఒకసారి పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేశాను. కూర్చున్నట్టే లేదు. అదీ ఇదే భయంతో గడప దాటదు."

"మరి ఈ చొక్కాలు ఎవరికి?"

"చెయ్యి ఊరుకోదు." ఆమె ఒక ముక్క తీసి చంక దగ్గర వేలితో చూపించింది. "ఇక్కడ కాస్త గుడ్డ ఎక్కువ వదలమని రోజూ సణిగేది. 'గుడ్డేమైనా నీ పుట్టింటినుంచి తెచ్చావా అక్కా, అంత పిసినారితనం?' అనేది. ఇప్పుడు కావలసినంత వదులుతున్నాను. సణిగేవాళ్ళు లేరు."

సర్వే అమ్మాయి రాయడం ఆపింది.

"నిన్న ఏటి అవతల కాలనీకి వెళ్ళానమ్మా. అక్కడ ఎడమచేతివాటం ఆవిడ ఒకరు..."

"అదే! మా చిన్నదే!"

"ఇంకేమైనా కావాలా అని అడిగితే, 'కత్తిరించే మనిషి కావాలి' అన్నారు."

పెద్దామె చేతిలో ముక్క ఒళ్ళో పడిపోయింది. "నువ్వేం రాసుకున్నావు?"

అమ్మాయి తల దించుకుంది. "కత్తెర అని రాశాను. ఆ గడిలో వస్తువులే రాయాలి."

"మా ఇద్దరికీ మళ్ళీ ఒక్క కార్డు చేస్తే?"

"ఒక ఇల్లు, ఒక మిషను వెనక్కి తీసుకుంటారు. రేపు మీ ఇద్దరికీ మాటామాటా వస్తే ఇది మళ్ళీ ఇవ్వరు. బాగా ఆలోచించుకోండమ్మా."

"మాటామాటా రాని రోజు ఎప్పుడుంది మాకు?" అంటూ పెద్దామె లేచింది. గుమ్మం బయట ఆగి ఉన్న జీపు వైపు చూసింది. "అది ఎటు పోతుంది?"

"ఆఫీసుకి. వంతెన దాకా దింపగలను."

చొక్కా ముక్కలన్నీ మూట కట్టింది. కత్తెరను తువ్వాల్లో చుట్టి సంచిలో పెట్టుకుంది. మిషను మీద జారిన దుప్పటిని సర్ది, బయటికొచ్చి తాళం వేసి, ఒకసారి లాగి చూసింది.

"రద్దు చేస్తారమ్మా," అంది అమ్మాయి మెల్లగా.

"చేసుకోనీ."

జీపులో మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కాలనీ దాటాక అడిగింది.

"ఎలా ఉంది అది? చిక్కిందా?"

సర్వే అమ్మాయి గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. ఇల్లు, మిషను, కరెంటు మీటరు గుర్తొచ్చాయి.

"సరిగ్గా చూడలేదమ్మా."

"పోనీలే," అంది పెద్దామె, వంతెన ఎక్కడైనా కనిపిస్తుందేమోనని ముందుకు వంగుతూ. "నేను చూస్తాగా."