కొట్టారా అని అడిగితే

పప్పుకి పురుగు పట్టిందని లక్ష్మయ్య చాటుగా అనలేదు. యూనివర్సిటీ హాస్టల్ మెస్సు వంటింట్లో, పొద్దున పదిన్నరకి, తోటి పనివాళ్లు పదకొండుమంది వింటుండగా కాంట్రాక్టర్ కొండలరావు మొహం మీదే అన్నాడు.

"గీ పప్పు నేను వండ సార్. మొన్న తిన్న పిల్లలు ఇంకా వాంతులు చేసుకుంటనే ఉన్నరు."

"నీ ఇంట్లో వాళ్లకి పెడుతున్నావేంట్రా? వండమన్నది వండు."

"వండ. నా చేతులతోని వండ."

కొండలరావు చేతికి చారు గరిటె అందింది. మూరెడు పొడుగు ఇనప గరిటె. దానితో లక్ష్మయ్య చెవి మీద ఒక్కటిచ్చాడు. లక్ష్మయ్య తూలాడు. తూలినవాణ్ని పట్టుకోవలసింది పోయి, కాలెత్తి నడుం మీద తన్నాడు. వెనక పొయ్యి మీద అయిదువందల మందికి చారు మరుగుతున్నది. లక్ష్మయ్య ఆ గంగాళం అంచు పట్టుకుని, దాన్ని మీదేసుకుని పడిపోయాడు. పక్కగదిలో కూరలు తరుగుతున్న అతని భార్య ప్రమీల కత్తిపీట వదిలి పరుగెత్తుకొచ్చింది. చొక్కా విప్పబోతే చొక్కాతోపాటు చర్మం ఊడి వచ్చింది.

కానిస్టేబుల్ వచ్చాడు. కాలు జారి పడ్డాడని కొండలరావు తాపీగా చెప్పాడు. కానిస్టేబుల్ పనివాళ్లందరిలోకి పెద్దవాడైన ఉప్పలయ్య వైపు తిరిగాడు.

"నువ్వు సూసినవా?"

ఉప్పలయ్య ఇరవై రెండేళ్లుగా ఆ మెస్సులో వంటమనిషి. లక్ష్మయ్యకి మూడడుగుల దూరంలో ఉన్నాడు. చారు ఎగిరిపడి ఆయన ముంజేతులు కూడా బొబ్బలెక్కాయి. ఆ చేతుల్ని తువ్వాల కింద దాచుకుని, తల వంచి చెప్పాడు.

"లేదు సార్. నేను బియ్యం కడుగుతున్న."

మిగిలిన పదిమందీ అదే మాట అన్నారు. ఒకరికొకరు చెప్పుకోలేదు. అలా అనడం వాళ్లకు పుట్టినప్పటినుంచీ వచ్చు.

మూడోరోజు ఉప్పలయ్య ఆసుపత్రికి పోయాడు. దోమతెర కింద అరటాకు మీద పడుకోబెట్టారు లక్ష్మయ్యని. కళ్లు మాత్రం ఎప్పటివే.

"ఉప్పలన్నా, నువ్వు సూసినవ్ గద?"

ఉప్పలయ్య ఏడ్చాడే గాని అవునని అనలేకపోయాడు. ఆ మధ్యాహ్నమే లక్ష్మయ్య చనిపోయాడు.

*

తార్నాకలో మెట్రో స్టేషన్ వెనక సందులో చిన్న చర్చి ఉంది. ఆదివారం పిల్లలకు పాటలు నేర్పే గదిలో శనివారం సాయంత్రాలు లిడియా అనే లాయరు కూర్చునేది. వాళ్ల నాన్న శాంసన్ గుడివాడ నుంచి వచ్చి ఆ చర్చిలోనే గుమాస్తాగా స్థిరపడ్డాడు. కోర్టు పనయ్యాక లిడియా, ఆమె స్నేహితులిద్దరు పేదవాళ్ల కేసులు ఉచితంగా చూసేవాళ్లు. మెస్సు పనివాళ్లు మొదట్లో నవ్వుకున్నారు. ఫీజు తీసుకోని లాయరు ఏం లాయరని. ఆ శనివారం మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు. శవం ఇంకా మార్చురీలోనే ఉంది.

"ప్రమాదమని రాసుకున్నారు. చూసినవాళ్లు ఒక్కరూ లేరట," అంది లిడియా.

ప్రమీల లేచి నిలబడింది. "పదకొండుమంది మొగోళ్లుండె గాడ. పదకొండుమందికీ కండ్లు పోయినయా?"

ఎంకన్నకి కోపమొచ్చింది. రొట్టెలు కాల్చే ఎంకన్న మాటలో దురుసు మనిషి. "నువ్వట్లనే అంటవక్కా. రేపు పని పోతే? మాకు పెండ్లాం పిల్లలున్నరు."

"నాకు గూడ పెనిమిటి ఉండె, ఎంకన్నా."

ఉప్పలయ్య మెల్లిగా చొక్కా చేతులు పైకి మడిచాడు. బొబ్బలు పగిలి రసి కారుతున్నాయి.

"నేను సూసిన," అన్నాడు. "గరిటెతోని కొట్టింది సూసిన. తన్నింది సూసిన. చారు నా మీద గూడ పడ్డది. బియ్యం కడుగుతున్నా అని అబద్ధం చెప్పిన. వాడు పోయేముందు అడిగిండు తల్లీ, అప్పుడన్న చెప్పకపోతి."

ఆ తర్వాత ఒక్కొక్కరే నోరు విప్పారు. చివరికి, గోడ వైపు చూస్తూ, ఎంకన్న కూడా. లిడియా, ఆమె స్నేహితులు పదకొండు వాంగ్మూలాలు రాసి, చదివి వినిపించి, సంతకాలు చేయించారు. ఎమ్మే చదివే వైదేహి అక్కడే ఉంది. పురుగుల పప్పు తిని వాంతులు చేసుకున్నవాళ్లలో ఆమె ఒకతె.

"ఇక వీళ్లని ఊరికే వదుల్తారా అక్కా?" అని అడిగింది.

"వదలరు. సాక్షుల్నే ముద్దాయిల్ని చేస్తారు. అందుకే ఇంకొకటి నేర్చుకోవాలి," అంది లిడియా. "అరెస్టు చేస్తే ఇరవై నాలుగు గంటల్లోపు మెజిస్ట్రేట్ ముందు పెట్టాలి. అప్పుడాయన ఒక మాట అడుగుతారు. పోలీసులు కొట్టారా అని. కొట్టినవాళ్లు పక్కనే ఉంటారు. అయినా అప్పుడే చెప్పాలి. అప్పుడు చెప్పకపోతే తర్వాత ఎక్కడ చెప్పినా, ఆరోజు నోరెందుకు పెగల్లేదంటారు."

బల్ల మీద కుర్చీ వేసి వైదేహిని జడ్జీగా కూర్చోబెట్టారు. ఆమె గొంతు బరువు చేసుకుని అడిగింది. "పోలీసులు మిమ్మల్ని కొట్టారా?"

"లేదు సార్," అన్నాడు మొదటివాడు.

"లేదు సార్," అన్నాడు రెండోవాడు.

"లేదు సార్, తప్పయింది సార్," అన్నాడు ఉప్పలయ్య.

వారం రోజుల్లో మొదటిసారి అందరూ నవ్వారు. ప్రమీల కూడా నవ్వి, వెంటనే ఏడ్చింది. లిడియా మాత్రం నవ్వలేదు.

"మళ్లీ చెప్పండి, బాబాయ్."

చీకటి పడేదాకా చెప్పించింది.

*

సోమవారం శవాన్ని తెచ్చి హాస్టల్ మెస్సు గేటు ముందు దించారు. హత్య కేసు పెట్టేదాకా ఎత్తేది లేదన్నారు. పొయ్యిలు ఆర్పేసి పనివాళ్లు వచ్చారు. కంచాలు పట్టుకుని పిల్లలు వచ్చారు. గంటలో వెయ్యిమంది అయ్యారు. విద్యానగర్ వైపు నుంచి వచ్చే బస్సులు నిలిచిపోయాయి.

"మా కూట్లో పురుగులేసినోడు లోపల తిరుగుతున్నడు! పురుగులున్నయన్నోడు పాడె మీదున్నడు!" గేటు దిమ్మె మీద నిలబడి వైదేహి అరుస్తున్నది. కంచాలు మోగాయి.

లిడియా నల్లకోటుతో, పదకొండు వాంగ్మూలాల ఫైలుతో ఇన్‌స్పెక్టర్ ముందుకు నడిచింది. "వీళ్లు కళ్లారా చూసిన సాక్షులు. ఇది నమోదు చేయండి."

ఇన్‌స్పెక్టర్ ఫైలు తీసుకోలేదు. చెయ్యి పైకెత్తాడు. అంతే, లాఠీలు లేచాయి.

ఆడపిల్లలని చూడలేదు, లాయరని చూడలేదు, శవమని కూడా చూడలేదు. లిడియా తల పగిలి నెత్తురు ఫైలు మీద కారింది. ప్రమీలని జుట్టు పట్టి ఈడ్చారు. తొక్కిడిలో పాడె ఒరిగి లక్ష్మయ్య రోడ్డు మీద బోర్లా పడ్డాడు. కట్టిన గుడ్డ ఊడి ఆ కాలిన వీపు అందరికీ కనబడింది. అప్పుడు రాళ్లు లేచాయి. దాచడమెందుకు, లేచాయి. శవాన్ని తొక్కుతుంటే చేతులు కట్టుకుని నిలబడమని చెప్పే పెద్దమనుషులు ఆ పూట అక్కడ లేరు. ఒక జీపు అద్దం పగిలింది, ఒక కానిస్టేబుల్ నుదురు పగిలింది, పగిలిన పిల్లల తలలకు లెక్కే లేదు.

పోలీసుల వెనక నిలబడి కొండలరావు వేలు చూపిస్తున్నాడు. "వాడు. ఆ తువ్వాల వాడు. ఆ పక్కన వాడు." వెయ్యిమందిలోంచి సరిగ్గా పదకొండుమందిని ఏరి వ్యాను ఎక్కించారు. రాళ్లు ఎవరు వేశారో చూసి పట్టుకున్నది కాదది. ఆరోజు వంటింట్లో ఎవరున్నారో చూసి పట్టుకున్నది.

*

ఠాణా వెనక గదిలో మిట్టమధ్యాహ్నమే మొదలుపెట్టారు. చొక్కా విప్పినా కనబడకూడదని అరికాళ్ల మీద కొట్టారు. ఒకడు మోకాళ్ల మీద కూర్చుంటే ఇంకొకడు టైరు ముక్కతో కొట్టేవాడు. మొదటి దెబ్బకి ఉప్పలయ్య నడినెత్తిదాకా మంట లేచింది. తర్వాత్తర్వాత తన కేకలు ఎవరివో పక్కవాళ్లవి అనిపించాయి. ఎంకన్న స్పృహ తప్పితే నీళ్లు చల్లి లేపి మరీ కొట్టారు.

చాయ్ తాగుతూ ఇన్‌స్పెక్టర్ ఉప్పలయ్య పక్కన గొంతుక్కూర్చున్నాడు. "పెద్దమనిషీ, రేపు మెజిస్ట్రేట్ కొట్టిన్రా అని అడుగుతడు. లేదు సార్ అనాలె. అంటే బెయిల్‌కు నేను అడ్డం రాను. అవునంటివా, లక్ష్మయ్యను నూకింది నువ్వేనని రాస్త. పొయ్యి కాడ ఉన్నది నువ్వేనాయె. గీ బొబ్బలే సాక్ష్యం."

ఉప్పలయ్య తన చేతులు చూసుకున్నాడు. నిజం చెప్పడానికి తెరిచి చూపించిన ఆ చేతులనే వీళ్లు తనకు ఉరితాడు చేస్తున్నారు. ఇంట్లో పెళ్లాం గుర్తొచ్చింది. భయం వేసింది.

*

మర్నాడు పొద్దున కోర్టు. చంకల్లో చేతులేసి పట్టుకుని పదకొండుమందినీ వరసగా నిలబెట్టారు. దూరం నుంచి చూస్తే నిలబడ్డట్టే ఉన్నారు. లిడియా తలకు కట్టుతో, ఏడు కుట్లతో వచ్చింది. నిన్నటి నెత్తురు ఆమె కోటు కాలరు మీద ఎండి ఉంది.

మెజిస్ట్రేట్ ముందు కాగితాల గుట్ట. తలెత్తకుండానే అడిగాడు. "పోలీసులు కొట్టారా?"

ముందు ఎంకన్న. "లేదు సార్."

ఇన్‌స్పెక్టర్ దగ్గాడు. లిడియా కళ్లు మూసుకుంది.

"నిన్ను?"

ఉప్పలయ్య నోట 'లే' అన్న అక్షరం దానంతటదే పెదాలదాకా వచ్చింది. ఇరవై రెండేళ్ల అలవాటు. కానీ ఆ అబద్ధమైనా నిలబడే చెప్పాలి, కాళ్లేమో నిలవడం లేదు. నువ్వు సూసినవ్ గద ఉప్పలన్నా అని దోమతెర లోంచి ఎవరో అడిగినట్టయింది. రెండు చంకలూ విదిలించుకున్నాడు. కోర్టు హాలు నడుమ కూలబడ్డాడు.

పెద్దవాళ్ల వైపు కాళ్లు చాపకూడదని చిన్నప్పుడు వాళ్లమ్మ నేర్పింది. యాభై ఆరేళ్లలో ఎవరి ముందూ చాపలేదు. ఇప్పుడు చాపాడు. రెండు అరికాళ్లూ మెజిస్ట్రేట్ బల్ల వైపు తిప్పి పెట్టాడు.

"మన్నించుర్రి సార్. నిలవడ చాతనైతలేదు. కొట్టిన్రు. గీ సారే కొట్టిచ్చిండు."

"కాళ్లు ముడువురా, లం..." అని నోరు జారి ఇన్‌స్పెక్టర్ ఆగిపోయాడు.

మెజిస్ట్రేట్ మొదటిసారి తలెత్తాడు. లేచి బల్ల మీదుగా వంగి చూశాడు. ఆ పాదాలు వాచి వంకాయ రంగుకు తిరిగి ఉన్నాయి. ఆయన చూస్తుండగానే మూడోవాడు కూర్చున్నాడు. కాళ్లు చాపాడు. నాలుగోవాడు. అయిదోవాడు. కానిస్టేబుళ్లు ఒకణ్ని లేపుతుంటే ఇద్దరు కూర్చుంటున్నారు. చివరికి ఎంకన్న ఒక్కడే నిలబడి మిగిలాడు. మొహమంతా కన్నీళ్లు.

"నేను అబద్ధమాడిన సార్," అని గట్టిగా ఏడుస్తూ అందరికంటే ముందుకు జరిగి, బల్ల దగ్గరగా కూర్చుని కాళ్లు చాపాడు.

"ఇంకొక మాట సార్," అన్నాడు ఉప్పలయ్య. "లక్ష్మయ్యను కొండలరావు గరిటెతోని కొట్టి, తన్ని, చారుల పడేసిండు. నేను సూసిన. గీ బొబ్బలు గప్పటియే. వీటిని చూపెట్టి నన్నే ఖూనీకోరు చేస్తమన్నరు. చేసుకోమనుర్రి. సూసిన అన్న మాట మాత్రం మారది."

లిడియా లేచింది. పాదాలకు వైద్య పరీక్ష జరగాలంది. ప్రతి మాటా రికార్డు కావాలంది. నెత్తురు అంటిన వాంగ్మూలాలు బల్ల మీద పెట్టింది. మెజిస్ట్రేట్ అంతా రాశాడు. న్యాయం గెలిచిందని చప్పట్లు కొట్టేరు, ఆగండి. పదకొండుమందికీ పద్నాలుగు రోజుల రిమాండ్ కూడా ఆయనే రాశాడు, అదే కలంతో.

*

శనివారం లిడియా జైలుకు వచ్చింది. ఇనప జాలీ అవతల నుంచి కబుర్లు చెప్పింది. డాక్టరు పాదాల సంగతి ఉన్నదున్నట్టు రాశాడు. కొండలరావు పేరు హత్య కేసులోకి ఎక్కింది, మనిషి మాత్రం ఇంకా దొరకలేదట. దొరికేదాకా యూనివర్సిటీలో ఏ హాస్టల్లోనూ పొయ్యి వెలగదని పనివాళ్లంతా తీర్మానం చేశారు. పిల్లలు తార్నాక చౌరస్తాలో రాళ్లు పేర్చి, నిన్న రోడ్డు మీదే వండుకు తిన్నారు. మొదటి పొయ్యి ప్రమీల వెలిగించింది.

"భయంగా ఉందా, బాబాయ్?"

"ఉన్నదమ్మా. గని శనివారం కదా, క్లాసుకు టైమైతున్నది," అన్నాడు ఉప్పలయ్య.

బారక్‌లో ఎంకన్న బకెట్ బోర్లించాడు. కుంటుకుంటూ వచ్చి ఉప్పలయ్య దాని మీద జడ్జీలాగా కూర్చున్నాడు. చుట్టూ ముప్పై నలభైమంది ఖైదీలు మూగారు. ముందువరసలో ఒక ఆటో డ్రైవరు ఉన్నాడు. కాచిగూడలో ఎవరిదో ఫోను పోతే ఇతన్ని పట్టుకొచ్చారు. కుడి మణికట్టు వాచి వంకర తిరిగి ఉంది. రిమాండ్ రాసినాయన కొట్టారా అని అడగనే లేదట, సోమవారం మళ్లీ కోర్టుకు తీసుకుపోతారు.

ఉప్పలయ్య గొంతు బరువు చేసుకుని అడిగాడు. "పోలీసులు నిన్ను కొట్టారా?"

ఆటో డ్రైవరు గభాలున లేచి, చేతులు కట్టుకున్నాడు. "లేదు సార్."

ఎవరూ నవ్వలేదు.

"మళ్ల చెప్పు, తమ్మీ," అన్నాడు ఉప్పలయ్య.