నీలం పట్టిన గిన్నె

దురుగమ్మకు ఫోనంటే నమ్మకం లేదు. అందులో పాఠం చెప్పేవాళ్ళు ఏ ఊళ్ళోనో ఉంటారు, మన పని సంగతి వాళ్ళకెట్లా తెలుస్తుందని ఆమె వాదన. పదో తరగతి పరీక్షలు రాసిన కూతురు నేత్ర మాత్రం సెలవులంతా ఆ ఫోనుకే అతుక్కుపోయింది. వీధి చివర లైబ్రరీలో పనిచేసే శ్రుతి ఆడపిల్లల కోసం ఒక వాట్సాప్ గ్రూపు పెట్టింది. అందులో ప్యాంటు కటింగ్ వీడియోలు వస్తాయి. పిల్లలు పాత పేపర్లు కోసి ఫోటోలు పంపితే ఎవరో ఒకరు తప్పులు దిద్దుతారు.

బళ్ళారిలో జీన్స్ కుట్టే ఇళ్ళు చాలానే ఉన్నాయి. దురుగమ్మదీ అలాంటి ఇల్లే. ఆమెకు పని ఇచ్చే షెడ్డులో కత్తెర పట్టేది మాత్రం మగవాళ్ళే. అలాంటిది నేత్ర ఒకనాడు అక్కడికి వెళ్ళి, ఒక్క ప్యాంటు కోయనిమ్మని కటింగ్ మాస్టర్ హొన్నూరుస్వామిని అడిగేసింది. ఆయన నవ్వి బట్ట ఇచ్చాడు.

"కొయ్యి పాపా. మీయమ్మ కుట్టనీ. వాషింగ్ నుంచి వచ్చినాక కొలత సరిగ్గా ఉంటే నా టేబుల్ కాడికి పనికి రా. లేదంటే మళ్ళా అడగొద్దు."

ఆ రోజు నుంచి దురుగమ్మకు అన్నం సయించలేదు. కుట్టినాక వేడినీళ్ళలో ఉతికే వాషింగులో జీన్స్ బట్ట గుంజుకుపోతుంది. అందుకని కోసేటప్పుడే కాస్త పెద్దగా కోయాలి. ఫోనులో ఆ మాట ఎవరైనా చెప్పగా ఆమె వినలేదు.

"ఆ ఫోన్లో పాఠం చెప్పే ఆయమ్మ మన వాషింగ్ చూసిందా ఏంది? యాడుండాదో ఏమో" అంది కూతురితో.

"అంతా చూసుకున్న్యామ్మా. నువ్వేమీ అనకుండా సుమ్నే కుట్టు" అంది నేత్ర, ఫోను మీంచి తలెత్తకుండా.

దానికి తోడు ఆ వారమే అన్నం గిన్నె అడుగున నీలం రంగు పట్టి కనిపించింది. గిన్నె తోముతున్నంతసేపూ దురుగమ్మ తిట్టింది. నేత్ర ఏదో చెప్పబోయింది గానీ, తిట్టే నోటికి వినే చెవి ఉండదు కదా.

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. దురుగమ్మ కీడు దగ్గరే ఆగిపోయింది. నేత్ర కోసిన ముక్కలు మిషను మీదికి వచ్చాయి. ప్యాంటు బిగుసుకుపోతే షెడ్డంతా పిల్లను చూసి నవ్వుతుంది. ఆ కత్తెర ఇంక దాని చేతికి రాదు. ఆ భయంతో కుట్టుకు వదలాల్సిన అంచును అన్ని చోట్లా సగానికి తగ్గించి కుట్టేసింది. అట్లా కుడితే ప్యాంటు కాస్త వదులవుతుంది, వాషింగులో గుంజుకున్నా సరిపోతుంది. ఆ సంగతి నేత్రకు చెప్పలేదు.

ప్యాంటు వాషింగ్ నుంచి వచ్చిందని కబురు అందగానే ఇద్దరూ షెడ్డుకు వెళ్ళారు. హొన్నూరుస్వామి నడుము మీద టేపు పెట్టాడు. తీసి మళ్ళీ పెట్టాడు.

"వదులుండాది పాపా. ఏసుకుంటే జారిపోతాది. ఫోన్లో నేర్చిన చదువు ఇంతే" అన్నాడు.

బిగుతు కాదు, వదులు. తాను తగ్గించిన అంచే కారణమని దురుగమ్మకు తెలిసిపోయింది. నేత్ర నమ్మలేక ప్యాంటు తిరగేసింది. లోపలి అంచు మీద వేలు పెట్టి పొడవునా జరుపుకుంటూ పోయింది. ఎక్కడ చూసినా అంచు సగమే. వేలు ఆగింది. తల్లి వైపు ఒక్కసారి చూసి, ప్యాంటును మళ్ళీ మామూలుగా తిప్పి టేబుల్ మీద పెట్టేసింది.

"నా కొలతే తప్పు మామా. బట్ట ముక్క గిన్నెలో ఉడకేసి, ఎంత గుంజుకుంటాదో కొలిస్తి. యాడో లెక్క తప్పినట్టుండాది."

అప్పటికి గానీ నీలం రంగు ఎక్కడిదో దురుగమ్మకు అర్థం కాలేదు. సిగ్గుతో చితికిపోయింది. ఇప్పుడు నోరు మూసుకుంటే తన కుట్టు పనికి మాట రాదు. తన కోసమే పిల్ల ఆ తప్పు నెత్తినేసుకుందని ఆమెకు తెలుసు.

"దాని కొలత సరిగ్గానే ఉండాదప్పా" అంది. "అంచు తగ్గించి కుట్టింది నేను. గుంజుకుంటాదని భయపడితి."

హొన్నూరుస్వామి ప్యాంటు తిరగేసి చూశాడు. తర్వాత కొత్త బట్ట తీసి నేత్ర ముందు పరిచి, పక్కన సుద్దముక్క పెట్టాడు.

"ఇంకోటి కొయ్యి పాపా. ఈసారి కుట్టేదానికి మాత్రం మీయమ్మకు ఇయ్యను."

వెనక ఎవరో నవ్వారు. దురుగమ్మకు ఏడుపొచ్చింది. అయినా కదలకుండా, కూతురు సుద్దముక్క అందుకునేదాకా అక్కడే నిలబడింది.