మస్తూరా చావు టెలిగ్రాం

మా అత్తగారు హోసియత్ పుట్టిల్లు కాలువకు అవతలి ఒడ్డున, అత్తిల్లు ఇవతలి ఒడ్డున. పెళ్ళినాడు ఆవిడను చెక్క వంతెన మీద నడిపించే తీసుకొచ్చారట. అప్పటికి రెండు ఒడ్లూ ఒకే దేశం. పత్తి తూచే కాటా కూడా రెండు ఊళ్ళకూ ఒకటే. ఆ దేశం ఇక లేదన్న కబురు వచ్చిన పూట ఆవిడ చేలో ఉంది. "అయితే రేపు పనికి రావాలా, వద్దా?" అని అడిగిందట.

అవతలి ఒడ్డు ఉజ్బెకిస్తాన్ అయింది, మాది కిర్గిజిస్తాన్ అయింది. మా ఇంట్లో అందరికీ కొత్త పాస్‌పోర్టులు వచ్చాయి, అత్తగారికి మాత్రం రాలేదు. "నువ్వు అక్కడ పుట్టావు, వాళ్ళ మనిషివి కాదని వాళ్ళ దగ్గర రాయించుకురా" అన్నారు మావాళ్ళు. "ఎప్పుడో వెళ్ళిపోయినదానివి, మా లెక్కలో లేవు" అన్నారు వాళ్ళు. సుత్తీ కొడవలీ ముద్ర ఉన్న పాత ఎర్ర పాస్‌పోర్టే ఆవిడకు మిగిలింది. వంతెన ఉన్నన్నాళ్ళూ ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. శుక్రవారం శుక్రవారం వేడి సమోసాలు గుడ్డలో చుట్టుకుని అక్క మస్తూరా ఇంటికి వెళ్ళి, పొద్దుగూకేసరికి తిరిగొచ్చేది.

తర్వాత ఎక్కడో బాంబులు పేలాయన్నారు, ఇంకోసారి అల్లర్లన్నారు. వంతెన పీకేసి ముళ్ళకంచె వేశారు. అక్కచెల్లెళ్ళిద్దరూ చెరో ఒడ్డున నిలబడి కేకలేసుకుని మాట్లాడుకునేవారు. కొన్నాళ్ళకు సిపాయిలు అదీ కుదరదన్నారు. ఇక ఫోనే దిక్కయింది.

దాటాలంటే బస్సెక్కి పెద్ద గేటు దగ్గరికి పోవాలి. అక్కడైనా పెళ్ళికో చావుకో అయితేనే, అదీ టెలిగ్రాం చూపిస్తేనే వదులుతారు. లారీలకు మాత్రం అడ్డు లేదు. చైనా చెప్పులూ టర్కీ తివాచీలూ రోజంతా అటూ ఇటూ పోతూనే ఉంటాయి.

ఆ ఏడు వసంతంలో మస్తూరాకు కాలేయం చెడిపోయింది. ఇంటికి తీసుకుపొమ్మని డాక్టర్లు చెప్పేశారని ఆమె కొడుకు షేరాలి ఫోన్ చేశాడు. జబ్బు చేసిందని టెలిగ్రాం ఇస్తే గేటు దగ్గర చెల్లదు. మస్తూరాయే కొడుకు చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"ఏమే హోసీ, నేను చచ్చాక వచ్చి చూస్తావా? నీకు నేను కనిపిస్తాను సరే, నాకు నువ్వెలా కనిపిస్తావే?"

"నన్నేం చెయ్యమంటావక్కా?"

"నేను పోయానని ఇప్పుడే టెలిగ్రాం కొట్టించేస్తా."

"ఛీ ఛీ, నోరు కడుక్కో! దేవుడు వింటాడు."

"విననీ. ఆయనకు నిజం తెలుసులే. తెలియాల్సింది గేటు దగ్గర కూచున్నోళ్ళకే."

నాలుగోనాటికి టెలిగ్రాం వచ్చింది. 'అక్క మస్తూరా మరణించినది. వెంటనే బయలుదేరవలెను.' అత్తగారు అది చేతిలో పట్టుకుని నిజంగానే ఏడ్చేసింది.

"అబద్ధమే కదా అత్తయ్యా" అన్నాను.

"తెలుసే మత్లూబా. అచ్చులో చూస్తే గుండె ఒప్పుకోవడం లేదు."

మా ఆయన అబ్దురజాక్ రష్యాలో ఇళ్ళు కట్టే పనిలో ఉన్నాడు. కాబట్టి ఆవిడ వెంట నేనే బయలుదేరాను.

మా వైపు గేటులో కుర్ర సిపాయి ఆ ఎర్ర పాస్‌పోర్టును తిరగేసి చూశాడు. "పెద్దమ్మా, ఈ దేశం ఇప్పుడు లేదు."

"నేనున్నాను కదా నాయనా."

వాడు వెళ్ళి పైఅధికారిని పిలుచుకొచ్చాడు. ఆయన టెలిగ్రాం చదివి, అత్తగారి కళ్ళు చూసి, "పోనీ, వెళ్ళనివ్వు. ఆపైన అవతలివాళ్ళ ఇష్టం" అన్నాడు. నా పాస్‌పోర్టు మీద ముద్ర వేశారు. ఆవిడ దాని మీద వెయ్యలేదు.

రెండు గేట్లకూ మధ్య అటూ ఇటూ కంచె ఉన్న తారు రోడ్డు. అది నడిచి అవతలి గేటుకు చేరాం. అక్కడి అధికారి, నెరిసిన మీసాలాయన, టెలిగ్రాంలోని పేరూ ఊరూ రాసుకుని, పాస్‌పోర్టు ముట్టుకోకుండానే తల అడ్డంగా ఊపాడు.

"ఇది చెల్లదమ్మా. మీ కోడలు రావచ్చు, మీరు కుదరదు."

"చచ్చింది నా అక్క అయ్యా, దీని అక్క కాదు!"

"నాకు అర్థమైంది. కానీ మీరెవరని రాసుకోను? ఏ దేశమని రాసుకోను?"

చేసేది లేక వెనక్కి నడిచాం. అప్పటికి మా గేటులో కాపలా మారింది. కొత్తవాడు పాస్‌పోర్టులో ముద్ర కోసం వెతికాడు. "బయటికి వెళ్ళినట్టే లేదు, లోపలికెలా రానిస్తాను? అసలు ఈవిడ ఎక్కడిది?" అన్నాడు. పొద్దున వదిలిన అధికారి పట్నం వెళ్ళాడట. వచ్చేదాకా ఆగమన్నాడు.

అలా ఇద్దరం రెండు గేట్ల మధ్య ఎండలో ఉండిపోయాం. పక్కన లారీలు బారులు తీరి ఒక్కొక్కటే కదులుతున్నాయి. ఒక టర్కీ లారీ డ్రైవరు మమ్మల్ని చూసి మడత కుర్చీ దింపి, నీళ్ళ సీసా ఇచ్చాడు. వాళ్ళ మాట మాకు సగం సగం తెలుస్తుంది.

"ఎక్కణ్ణుంచమ్మా?"

అత్తగారు మా గేటు వైపు వేలు చూపించింది.

"ఎక్కడికి?"

ఎదుటి గేటు చూపించింది. అతను నవ్వబోయి, ఆవిడ ముఖం చూసి ఆగిపోయాడు.

"నీ బండిలో ఏముంది బాబూ?"

"పింగాణీ సామాను. మరుగుదొడ్లకు."

"వాటికి పాస్‌పోర్టుందా?"

"కట్టలు కట్టలు కాగితాలున్నాయి తల్లీ. ఎన్నో దేశాలు దాటొచ్చాను, ఎవడూ ఆపలేదు."

"విన్నావటే? దొడ్లో పెట్టేదానికి దారి ఉంది, నాకు లేదు" అని నా వైపు తిరిగి నవ్వింది. ఆ నవ్వు చూస్తే నాకు భయమేసింది.

గేటు అవతల షేరాలి కాచుకుని ఉన్నాడు. ఫోన్‌లో సంగతి చెప్పాను. 

"అయితే అమ్మనే ఇక్కడికి తీసుకొస్తాను వదినా."

"పిచ్చా నీకు? చచ్చిపోయిందని రాసిచ్చాం కదా!"

"కారు దిగదు. పిన్నిని చూస్తుంది, అంతే. వద్దంటే వినేట్టు లేదు."

గంటలోపే చిన్న తెల్ల కారు వచ్చి గేటుకు కాస్త దూరంలో ఆగింది. వెనక తలుపు తెరుచుకుంది. లోపల బొంత, బొంతలో ఒక ముఖం, దాని చుట్టూ తెల్ల గుడ్డ. ఆ ముఖం చిన్నపిల్ల ముఖమంత అయిపోయింది.

అత్తగారు లేచి అడ్డగేటు దాకా వెళ్ళి దాన్ని రెండు చేతులా పట్టుకుంది. ఏళ్ళ తరబడి కాలువ మీదుగా కేకలేసుకున్న మనుషులు. ఇప్పుడు ఇంత దగ్గరగా ఉండి కూడా పిలిచే వీల్లేదు. పిలిస్తే అబద్ధం బయటపడుతుంది.

మీసాలాయనకు అనుమానం వచ్చింది. "కార్లో ఎవరు?" అన్నాడు.

"మా మేనత్తండీ. దినానికి వచ్చింది, ఒంట్లో బాగాలేదు" అన్నాడు షేరాలి.

అప్పుడు అత్తగారు గొంతెత్తింది. మాలో చావింటి ఆడవాళ్ళు తీసే శోకం అది. పోయినవాళ్ళనే పేరుపెట్టి పిలుస్తూ, వాళ్ళతోనే మాట్లాడుతూ ఏడవాలి. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

"అక్కా, మస్తూరక్కా! నా జడలల్లిన అక్కా! కాలువలో కొట్టుకుపోతుంటే జుట్టు పట్టి లాగినదానివి, ఇంత దూరం చేసి పోతున్నావా అక్కా!"

లారీ ఇంజన్లు ఒక్కొక్కటే ఆగాయి. టర్కీ డ్రైవరు చేతులు చాపి దువా చదివాడు. మీసాలాయన టోపీ తీసి పట్టుకున్నాడు.

"నీ అబ్దురజాక్ మంచులో ఇటుకలు మోస్తున్నాడక్కా! నీ పేరు పెట్టుకున్న మనవరాలు బడికి పోతోందక్కా! నువ్విచ్చిన దానిమ్మ మొక్క కాపుకొచ్చిందక్కా, ఎవరికి పంపను! నీ పచ్చ కోటు చిన్నప్పుడు నేనే దాచేశాను ఎవరిదో పెళ్ళిలో, నువ్వే పోగొట్టావని అమ్మ నిన్ను కొడితే నోరు మూసుకున్నానక్కా, నన్ను క్షమించు!"

అప్పటికి గాని నాకు తెలియలేదు. ఆవిడ ఏడవడం లేదు, కబుర్లు చెబుతోంది. బొంతలో ముఖం కదిలింది. నవ్విందో ఏడ్చిందో అంత దూరం నుంచి నాకు ఆనలేదు. సన్నటి చెయ్యి ఒకటి పైకి లేచి, పిడికిలి బిగించి ఆడింది. కోటు సంగతి విని కొడతానంటున్నట్టే ఉంది.

షేరాలి తలుపు వేశాడు. కారు వెళ్ళిపోయింది.

పొద్దు వాలేవేళకు మా అధికారి పట్నం నుంచి వచ్చి, కొత్తవాణ్ణి తిట్టి, మమ్మల్ని లోపలికి రానిచ్చాడు.

మల్బరీ పళ్ళు రాలే రోజుల్లో మస్తూరా నిజంగా పోయింది. టెలిగ్రాం మళ్ళీ వచ్చింది. అత్తగారి తరపున కనీసం నేనైనా మట్టి వెయ్యాలని నన్ను పంపింది. అవతలి గేటులో కంప్యూటరు ముందు కూచున్న అమ్మాయి పేరు కొట్టి చూసి, తలెత్తింది.

"అదే పేరు, అదే ఊరు, అదే అక్క. ఒక మనిషి ఎన్నిసార్లు చస్తుందండీ?"

ఏం చెప్పను? మొదటిది అబద్ధమంటే షేరాలికి జైలు. తలవంచుకుని తిరిగొచ్చాను.

ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చి చుట్టూ కూచున్నారు. శోకం అందుకోమన్నారు. అత్తగారు అందుకోలేదు. "నా ఏడుపు అది బతికుండగానే విన్నది. ఇంకెవరు వినాలని ఏడవను?" అంది. అని గోడవైపు తిరిగి పడుకుంది. మళ్ళీ పొయ్యి దగ్గరికి రావడానికి చాలా రోజులు పట్టింది.

కొన్నేళ్ళకు అవతల పెద్దలు మారి గేట్లు తెరిచారు. వంతెన మళ్ళీ వేశారు, ఈసారి ఇనుముతో. వకీలు అమ్మాయిలిద్దరు ఊరూరా తిరుగుతూ ఏ దేశానికీ చెందని వాళ్ళను వెతికి పాస్‌పోర్టులు ఇప్పించారు. అరవై దాటిన మా అత్తగారు ఫోటోకి కూచుని, "నవ్వొచ్చా?" అని అడిగింది. వద్దన్నారు.

అక్క సమాధికి వెళ్ళాం. షేరాలి కుటుంబంతో సహా కొరియాలో ఏదో ఫ్యాక్టరీకి వెళ్ళిపోయాడు. ఇంటికి తాళం. అత్తగారు సమాధి మీది గడ్డి పీకి, మట్టి సరిచేసి, కాసేపు కూచుని లేచింది.

ఆ మధ్యే మా ఆయన రష్యా పాస్‌పోర్టు తీసుకున్నాడు. అది ఉంటే పోలీసులు పట్టుకోరు, పని సులువుగా దొరుకుతుందన్నాడు. "కాగితమే కదమ్మా" అన్నాడు. 

ఈ చలికాలం వాళ్ళ బసకు పోలీసులు వచ్చి, ఆ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళనే ఏరి, యుద్ధానికి సైన్యంలో పేర్లు రాయించుకోమన్నారట. "మీ దేశం మిమ్మల్ని పిలుస్తోంది" అన్నారట. అతను వెనక దారిన తప్పించుకుని, ఎవరో తెలిసినవాళ్ళ గిడ్డంగిలో తల దాచుకున్నాడు. ఇంటికి రావాలంటే సరిహద్దులో ఆ పాస్‌పోర్టే చూపాలి, చూపితే పట్టుకుంటారు.

ఫోన్‌లో అదంతా విన్నాక అత్తగారు తన కొత్త పాస్‌పోర్టు తీసి తలగుడ్డ కొసతో తుడిచింది.

"ఆ బస్సు ఎప్పుడుందో కనుక్కోవే. కజక్ దేశం మీదుగా రష్యాకు పోయేది."

"మనం వెళ్ళి ఏం చేస్తాం అత్తయ్యా? మనల్ని ఎవరు లెక్కచేస్తారు?"

"నాకు తెలియదు. కొడుకక్కడ ఉంటే ఇక్కడ కూచుని ఏం చెయ్యను?"

నాకూ తెలియదు. బస్సు రేపు పొద్దున ఉంది. ఆవిడ తందూరు దగ్గర నిలబడి రొట్టెలు కాలుస్తోంది. నేను మూట కడుతున్నాను.